ఊరికే కూర్చుందట!

“నీకేమమ్మా, అదృష్టవంతురాలివి! సముద్రం ఒడ్డున ఇల్లు, రోజూ విదేశీయులతో కబుర్లు, చేతినిండా డబ్బు...” విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా మా బంధువులు అనే మాట ఇది. నవ్వి ఊరుకుంటాను. నా దినచర్య చెబితే వాళ్లు నమ్మరు మరి!

మేముండేది థాయ్‌లాండ్‌లోని కో తావ్ దీవిలో. మొత్తం కలిపి 21 చదరపు కిలోమీటర్లే. నీళ్ల అడుగుకి వెళ్లి పగడాలూ, చేపలూ చూడాలన్న సరదాతో డైవింగ్ నేర్చుకోవడానికి అన్ని దేశాలవాళ్లూ ఇక్కడికి వస్తారు. మావారు నేవీలో ఉద్యోగం మానేశాక ఇక్కడ డైవింగ్ స్కూలు పెట్టారు. మన ఊళ్లో కారు నేర్పే స్కూళ్లు ఉంటాయే, అలాంటిదే. కాకపోతే ఇది నీళ్లలో.

తెల్లవారుజామున అయిదింటికి లేచి ముందు ఆకాశం చూస్తాను. గాలి ఎక్కువుంటే పడవ కదలదు, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలి. ఏడింటికి పడవ బయలుదేరేలోగా ప్రతి సిలిండర్‌లోనూ గాలి 200 బార్ ఉందో లేదో చూడాలి. వచ్చినవాళ్ల చేత ఆరోగ్య పత్రం నింపించాలి. ఆస్తమా ఉందని రాశారనుకోండి, డాక్టరు సర్టిఫికెట్ లేనిదే నీళ్లలోకి దింపకూడదు. “ఇంతదూరం వచ్చాం, ఏమీ కాదులెండి” అని బతిమాలతారు, ఆ పైన కోప్పడతారు. వరసగా డైవ్‌లు చేసి, ఆ రాత్రికే విమానం ఎక్కుతామనేవాళ్లకి కనీసం 18 గంటలు ఆగాలని నచ్చజెప్పాలి.

మధ్యాహ్నం ఉప్పునీళ్లతో తడిసొచ్చిన రబ్బరు సూట్లన్నీ మంచినీళ్లలో జాడించి నీడన ఆరెయ్యాలి. ఎండాకాలంలో దీవిలో మంచినీళ్లకి కటకట. ట్యాంకరు కోసం ఎదురుచూపులు ఇక్కడా తప్పలేదు! పనివాళ్లని నలుగురిలో గట్టిగా అంటే వాళ్లకి అది పెద్ద అవమానం. చిరునవ్వుతో పని చెప్పడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. నవంబరు, డిసెంబరుల్లో వానలు, గాలులు. ఆదాయం తగ్గుతుంది, జీతాలు మాత్రం ఆగవు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి దేశం తలుపులు మూసేసినప్పుడైతే నా గాజులే మమ్మల్ని గట్టెక్కించాయి.

ఇవన్నీ భరించాను. భరించలేకపోయింది ఒక్క మాట.

ఇక్కడి చట్టం ప్రకారం మా లాంటి కంపెనీలో విదేశీయుల వాటా మామూలుగా 49 శాతం మించకూడదు. పనిచేసే ప్రతి విదేశీయుడికీ వర్క్ పర్మిట్ ఉండాలి. ఒక్కో పర్మిట్‌కి మామూలుగా 20 లక్షల బాత్‌ల పెట్టుబడి, నలుగురు థాయ్ ఉద్యోగులు చూపించాలి. ఇద్దరికీ పర్మిట్లంటే అన్నీ రెట్టింపే. “ఒకటి చాల్లే, నువ్వూ నేనూ వేరా?” అన్నారు మావారు. నేనూ తలూపాను. అలా నేను ‘డిపెండెంట్’ వీసా మీద ఉండిపోయాను. అంటే భర్త మీద ఆధారపడిన మనిషినన్నమాట. పర్మిట్ లేకుండా పనిచేయడం తప్పే. తెలిసే చేశాను.

ఒకరోజు అధికారులు తనిఖీకి వచ్చారు. కౌంటర్ దగ్గర రసీదు రాస్తున్నదాన్ని కలం కింద పెట్టేశాను. “ఈవిడెవరు?” అని అడిగారు. “నా భార్య. ఊరికే కూర్చుంది” అన్నారు మావారు.

ఆయనకి మరో దారి లేదు. పట్టుబడితే నాకు 5 వేల నుంచి 50 వేల బాత్‌ల దాకా జరిమానా, ఆ పైన దేశం నుంచి పంపించేస్తారు. అయినా ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. అయిదింటి నుంచీ నడుం వాల్చని మనిషి ఊరికే కూర్చుందట!

ఆ తర్వాత కొన్నాళ్లకే మావారికి కర్ణభేరి దెబ్బతింది. రెండు నెలలు నీళ్లలోకి దిగొద్దన్నారు డాక్టర్లు. ఆయన బ్యాంకాక్‌లో ఆస్పత్రిలో ఉండగా జీతాల రోజు వచ్చింది. లెక్కలన్నీ నా చేతిలోనే ఉన్నాయి, చెక్కు మీద సంతకం పెట్టే హక్కు మాత్రం లేదు! పొద్దున్నే పనిలోకి వచ్చిన వాళ్ల ముఖాలు ఎలా చూడను?

ఆయన తిరిగొచ్చాక గట్టిగా అడిగాను. కొత్త పడవ కోసం దాచిన డబ్బు పెట్టుబడిలో వేశాం. మరో నలుగురిని పనిలోకి తీసుకున్నాం. నా పేరుతో పర్మిట్ పుస్తకం చేతికొచ్చిన రోజు, పెళ్లిచూపుల నాడు కూడా అంత సంబరపడలేదు నేను. కొత్త పడవ రెండేళ్లు ఆలస్యమైంది. అయితేనేం?

నేను ఈ దేశం చట్టాన్ని తప్పుపట్టను. తమవాళ్ల ఉపాధి కాపాడుకోవాలని ఏ దేశమైనా అనుకుంటుంది. నా కోపమల్లా ఖర్చు తగ్గించాలనగానే ముందు భార్య పేరునే కొట్టేసే మన అలవాటు మీద. ఆ అలవాటు సముద్రం దాటి రాలేదు, మనతో పాటే పెట్టెలో సర్దుకుని వచ్చింది. గుంటూరులో కిరాణా కొట్లో పొద్దస్తమానం పొట్లాలు కట్టే ఇల్లాలిని అడగండి. లైసెన్సు ఎవరి పేరున ఉందో!

మావారు చెడ్డవారు కారు. అడగందే ఎవరికీ తోచదు, అంతే. అందుకే భర్తతో పరాయి దేశంలో వ్యాపారానికి బయలుదేరే చెల్లెళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఊరగాయ జాడీలు తర్వాత సర్దుకోవచ్చు. ముందు మూడు కాగితాలు అడగండి... కంపెనీలో వాటా, మీ పేరున పర్మిట్, బ్యాంకులో సంతకం. “మనిద్దరం వేరా?” అంటే, “వేరు కాదు కాబట్టే ఇద్దరి పేర్లూ ఉండాలి” అనండి.

నేను ఆ మాట కాస్త ఆలస్యంగా అన్నాను. మీరు ముందే అనండి.