సస్పెన్స్ ఖాతాలో గ్రహాంతరవాసి

"కౌబాయ్స్ అండ్ ఏలియన్స్" అని 2011 జులైలో ఒక హాలీవుడ్ సినిమా వచ్చింది. జాన్ ఫావ్రో దర్శకుడు, డేనియల్ క్రెయిగ్, హారిసన్ ఫోర్డ్ ముఖ్య నటులు. మనకు కౌబాయ్ అంటే 1971 నాటి "మోసగాళ్ళకు మోసగాడు"లో కృష్ణ. ఆ టోపీ, గుర్రం, తుపాకీల మీదికి ఆకాశం నుంచి దండయాత్రను తెచ్చి అతికించారన్నమాట. ఇలాంటి సినిమా కనపడగానే మన హేతువాద మిత్రులు "గ్రహాంతరవాసులు వచ్చారనడానికి ఋజువేదీ?" అని మొదలుపెడతారు. నాకు ఆ పేచీ లేదు. కట్టుకథ అని చెప్పి టిక్కెట్టు అమ్మినవాడు ఎవర్నీ మోసం చెయ్యలేదు. నా పేచీ లెక్కల దగ్గర.

కథ 1873లో, అమెరికా నైరుతి ఎడారిలో జరుగుతుంది. గ్రహాంతరవాసులు బంగారం కోసం దిగుతారు. మనుషుల్ని పశువుల్లా తాళ్ళేసి ఎత్తుకుపోతారు. అప్పుడు పశువుల ఆసామీ, బందిపోట్లు, అపాచీ ఆదివాసులు పాత పగలన్నీ మరిచి ఒక్కటై వాళ్ళని తరిమేస్తారు. చివరికి ఊరివాళ్ళు, బయటపడ్డ బంగారు గనిని చూసుకుని, ఊరిని మళ్ళీ కట్టుకునే ఆలోచనలో ఉంటారు. శుభం.

మరి ఆ కాలంలో అమెరికాలో బంగారం కోసం పరాయి నేల మీద పడింది నిజంగా ఎవరు? బ్లాక్ హిల్స్ కొండలు సూ తెగవాళ్ళవేనని 1868లో అమెరికా ప్రభుత్వం ఒప్పందం రాసిచ్చింది. 1874లో కస్టర్ సైన్యంతో వెళ్ళి అక్కడ బంగారం ఉందని తేల్చాడు. 1877లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఆ కొండల్ని లాక్కుంది. ఇది అన్యాయమేనని అక్కడి సుప్రీం కోర్టు ఒప్పుకోవడానికి 1980 దాకా పట్టింది. పది కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఖరారు చేస్తే, మాకు కావలసింది భూమి, డబ్బు కాదని సూ ప్రజలు ఇప్పటికీ ముట్టుకోలేదు. ఇక సినిమాలో అందరితో చెయ్యి కలిపిన ఆ అపాచీల సంగతి. 1886లో జెరోనిమో లొంగిపోయాక చిరికావా అపాచీలను రైళ్ళలో ఫ్లోరిడాకు ఖైదీలుగా తరలించారు. అమెరికా సైన్యానికే దారి చూపించి కొలువు చేసినవాళ్ళని కూడా వదల్లేదు.

రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసిన భాషలో చెప్తాను. ఏ పద్దు కింద రాయాలో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. అసలు పద్దు తెలియగానే అక్కడికి మార్చి, సస్పెన్స్ ఖాతాను ఖాళీ చెయ్యాలి. పద్దు తెలిసి కూడా అక్కడే ఉంచితే దాన్ని లెక్క అనరు, దాపరికం అంటారు. ఈ సినిమాలో గ్రహాంతరవాసి అలాంటి ఖాతాయే. దోపిడీ అంతా వాడి పేరున ఖర్చు రాసి, బంగారం మాత్రం ఊరి పేరున జమ కట్టారు.

"ఏమండీ, ఆక్రమించినవాళ్ళే ఆక్రమణ పాలైతే ఎలా ఉంటుందో చూపించారు, అది వ్యంగ్యం కదా" అనవచ్చు. వ్యంగ్యమే అయితే అసలు పద్దు కూడా చూపించాలి. 1898లో అచ్చయిన "ది వార్ ఆఫ్ ది వరల్డ్స్"లో హెచ్.జి. వెల్స్ ఆ పని చేశాడు. అంగారకులను తిట్టే ముందు, టాస్మేనియా ప్రజలను తుడిచిపెట్టింది మనమే కదా అని మొదటి అధ్యాయంలోనే తన పాఠకులకు గుర్తు చేశాడు. కల్పన అయినా లెక్క సరిపోయింది.

ఎక్కడి అమెరికా, మనకెందుకు అంటారా? నేనుండే నోయిడా సంగతే చూడండి. 2001 మే నెలలో తూర్పు ఢిల్లీ, ఘజియాబాద్, నోయిడా జనం "కోతి మనిషి" భయంతో వణికిపోయారు. హెల్మెట్ పెట్టుకున్నాడని, ఇనప గోళ్ళున్నాయని, ఛాతీ మీద బటన్లున్నాయని చెప్పుకున్నారు. చివరికి అలాంటి జీవే లేదని పోలీసులు తేల్చారు. కానీ భయంతో పరుగెత్తి మేడల మీంచి పడి చచ్చిపోయినవాళ్ళు మాత్రం నిజం. నడి వేసవిలో, కరెంటు లేక జనం మేడల మీద పడుకునే రోజులవి. పత్రికల్లో బొమ్మలు కోతి మనిషికి వేశారు గానీ కరెంటు కోతకు వెయ్యలేదు.

2020 అక్టోబరులో గ్రేటర్ నోయిడా దగ్గర దన్‌కౌర్‌లో ఆకాశం నుంచి ఒక వింత ఆకారం దిగి కాలవ గట్టున పొదల్లో చిక్కుకుంది. గ్రహాంతరవాసి అని జనం హడలిపోయారు. పోలీసులు వచ్చి చూస్తే ఐరన్ మ్యాన్ ఆకారంలో ఉన్న గాలిబుడగ! దేశమంతా నవ్వుకుంది. అది పడిన చోటు భట్టా పార్సౌల్ పక్కన అన్న సంగతి మాత్రం ఎక్కువమంది పట్టించుకోలేదు.

ఆ ఊరి పేరు గుర్తుందా? మన సినిమా విడుదలైన ఏడాదే, 2011 మే 7న, భూసేకరణ మీద అక్కడ రైతులకూ పోలీసులకూ ఘర్షణ జరిగి ఇద్దరు రైతులు, ఇద్దరు పోలీసులు చనిపోయారు. అప్పటికి అమల్లో ఉన్నది 1894 నాటి బ్రిటిష్ వాళ్ళ చట్టం. ఆ గొడవలన్నీ జరిగాకే 2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. ఆ నేల మీదికి బయటివాళ్ళు రావడం గాలిబుడగతో మొదలవలేదు. ముందు వచ్చినవాళ్ళు నోటిఫికేషన్ కాగితాలు పట్టుకుని వచ్చారు. వాళ్ళ పేర్లు, హోదాలు, సంతకాలు అన్నీ ఫైళ్ళలోనే ఉన్నాయి.

అందుకే మిత్రులకు నా మనవి. "ఋజువేదీ?" అని అడగడం మానొద్దు. కానీ బుడగ పగలగానే పని అయిపోయిందని చేతులు దులుపుకోకండి. ఈ భూతం కథ చాటున ఎవరి పద్దు మాయమైందో కూడా అడగండి. ఆ పేరు వెతికి బయట పెట్టేదాకా హేతువాదం సగం పనే చేసినట్టు.