మీ సర్వర్‌లో డిఫాల్ట్ సైట్ ఏదో తేల్చాల్సింది మీరు, అక్షర క్రమం కాదు

రాస్‌ప్‌బెర్రీ పై కొని ఇంట్లోనే ఫోటోల సర్వర్ పెట్టుకున్నవాళ్లు, చిన్న వీపీఎస్ ఒకటి తీసుకుని దాని మీదే మూడు నాలుగు సైట్లు నడిపేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. డొమైన్ కొంటారు, ఎస్ఎస్ఎల్ పెడతారు, పాస్‌వర్డ్ కూడా గట్టిదే పెడతారు. కానీ డొమైన్ పేరు కాకుండా నేరుగా ఐపీ అడ్రస్ కొడితే ఏ సైట్ వస్తుంది అని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. ఒకసారి మీ ఫోన్‌లో కొట్టి చూడండి. ఇంటి సర్వర్ అయితే వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద చూడండి.

బ్రౌజర్ ప్రతి రిక్వెస్ట్‌లోనూ తనకి ఏ సైట్ కావాలో హోస్ట్ హెడర్‌లో రాసి పంపుతుంది. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 నుంచి ఇది తప్పనిసరి. ఒకే ఐపీ మీద పది సైట్లు నడుస్తున్నాయంటే దాని పుణ్యమే. మరి ఆ పేరు మీ కాన్ఫిగ్‌లో ఉన్న ఏ సైట్‌తోనూ కలవకపోతే? ఎర్రర్ వస్తుందనుకుంటాం. రాదు. సర్వర్ ఏదో ఒక సైట్ తీసి చూపించేస్తుంది.

అసలు చిక్కు ఆ ‘ఏదో ఒకటి’ దగ్గరే ఉంది. ఇంజిన్ఎక్స్‌లో డిఫాల్ట్ ఏదో మీరు చెప్పకపోతే, ఆ పోర్ట్‌కి మొదట చదివిన సర్వర్ బ్లాకే డిఫాల్ట్. అపాచీ కూడా దాదాపు అంతే. ఫైళ్లని చదివేది అక్షర క్రమంలో. ఉబుంటులో అపాచీ డిఫాల్ట్ ఫైల్ పేరుకి ముందు మూడు సున్నాలు తగిలించింది అందుకే, అది అన్నిటికంటే ముందు రావాలని. మన ట్యుటోరియల్స్ ఏమో మొదటి స్టెప్‌లోనే ఆ డిఫాల్ట్ ఫైల్‌ని తీసేయమంటాయి! తీసేశాక ఇంగ్లీష్ అక్షరాల్లో ఏది ముందుంటే అది ఆ కుర్చీలో కూర్చుంటుంది. బ్లాగ్ కంటే ‘అడ్మిన్’ ముందొస్తుంది. అంటే దారిన పోయే ప్రతివాడికీ మొదట కనపడేది మీ అడ్మిన్ లాగిన్ పేజీ.

ఐపీ కొట్టి ఎవడొస్తాడులే అంటారా? మనుషులు రారు, బాట్లు వస్తాయి. 2013లో మిచిగన్ యూనివర్సిటీ వాళ్లు తెచ్చిన జీమ్యాప్ అనే టూల్, మంచి లైన్ ఉంటే ఐపీవీ4 ఇంటర్నెట్ మొత్తాన్ని ఒక పోర్ట్ మీద 45 నిమిషాల లోపే తట్టి వచ్చేస్తుంది. పైగా ఎవరైనా తమ డొమైన్‌ని మీ ఐపీకి తిప్పితే, వాళ్ల పేరు మీద మీ సైట్ కనపడుతుంది. మిమ్మల్ని అడిగేవాడు ఉండడు.

నన్నడిగితే డిఫాల్ట్ సైట్ అంటే ఏ సైటూ కాకూడదు. ఇంజిన్ఎక్స్‌లో లిజన్ లైన్‌లో ‘డిఫాల్ట్ సర్వర్’ అని రాసి, 444 రిటర్న్ చేసే ఒక ఖాళీ బ్లాక్ పెట్టండి. జవాబే ఇవ్వకుండా కనెక్షన్ తెంపేస్తుంది. 443 పోర్ట్‌కి విడిగా పెట్టాలి, ఐపీవీ6కి కూడా. 443లో ఇంకో తిరకాసు ఉంది: పేజీ కంటే ముందు సర్టిఫికెట్ వెళ్తుంది, అందులో మీ డొమైన్ పేరు ఉంటుంది. 1.19.4 వెర్షన్ నుంచి ఎస్ఎస్ఎల్ హ్యాండ్‌షేక్‌నే తిరస్కరించే ఆప్షన్ ఉంది, అది ఆన్ చేయండి. సర్వర్ నేమ్ దగ్గర అండర్‌స్కోర్ పెడితే చాలు అని చాలామంది నమ్మకం. దానికి ఏ మహిమా లేదు, ఎవరితోనూ కలవని ఒక ఉత్త పేరు అంతే. అపాచీలో అయితే మొదటి వర్చువల్ హోస్ట్‌లో అందరికీ యాక్సెస్ డినై చేస్తే సరి.

ఇది తాళం కాదు, నిజమే. సర్టిఫికెట్ల పబ్లిక్ లాగ్‌లలో మీ డొమైన్ పేరు ఎలాగూ దొరుకుతుంది, పాస్‌వర్డ్ అవసరం పోదు. కానీ అయిదు నిమిషాల పనితో ఎవరికి ఏ సైట్ కనపడాలో మీ చేతిలోకి వస్తుంది. లోడ్ బ్యాలెన్సర్ వాడేవాళ్లు మాత్రం హెల్త్ చెక్ ఒకసారి చూసుకోండి. చాలా వాటిలో అది కూడా ఐపీతోనే వస్తుంది కాబట్టి, దానికోసం ఒక్క పాత్‌కి 200 ఇచ్చి మిగతావన్నీ మూసేయండి.