జాషువాకూ కుళాయికీ పోటీ పెట్టకండి

సంపాదకులకు,

‘కుళాయిల్లో నీళ్లు లేవు, జాషువాకు స్మారకమా?’ అంటూ మన ఊరి కవి జాషువా స్మారకం మీద మీరు గతవారం వేసిన ఉత్తరానికి ఇది నా జవాబు. నీటి బాధ నిజమే. వేసవిలో ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డవాణ్ణే నేనూ. కానీ నీళ్ల డబ్బే స్మారకానికి పోతుందన్న లెక్క తప్పు. 2021–26కి 15వ ఆర్థిక సంఘం మనలాంటి పట్టణాలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించింది. అందులోంచి స్మారకానికి పైసా తీయడం కుదరదు. స్మారకానికి పెట్టేది ఇంటిపన్ను వంటి సొంత ఆదాయం. అది ఎంతో, దేనికెంతో కౌన్సిల్ గోడమీద అంటించాలి. అడగాల్సింది అదీ!

స్మారకం పేరుతో రోడ్డు మధ్య మరో విగ్రహం మాత్రం నాకూ వద్దు. రోడ్లమీద, కాలిబాటలమీద విగ్రహాలకు అనుమతివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18నే చెప్పింది. జాషువా జయంతి అని సెప్టెంబరు 28న దండ వేసి, వాడిన పూలు తీసే దిక్కులేకుండా వదిలేయడం గౌరవం కాదు.

1895లో ఇక్కడ పుట్టిన మనిషి, ఇదే వినుకొండలో అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి ఎందుకు రానిచ్చారని అవమానించారు. ‘గబ్బిలం’ రాసిన కవికి ఈ ఊరు పడ్డ బాకీ అది. సభలో అవమానించిన ఊరు ఇప్పుడొక చదువుల గది ఇవ్వాలి. నాలుగు బల్లలు, ఫ్యాను, ఆయన పుస్తకాలన్నీ, రాత్రి ఎనిమిదిదాకా తెరిచివుంచే మనిషి, ఆ మనిషికి నెలనెలా జీతం. ఆ జీతం పద్దు బడ్జెట్‌లో రాశాకే శంకుస్థాపన చేయమని కౌన్సిలర్లను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, వినుకొండ