చదరపు అడుగులు సరే, పిల్లల ఊపిరి సంగతేంటి?

కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

కామాటిపుర పునర్నిర్మాణం మ్హాడా చేతికి వచ్చినప్పటి నుంచి మన మాటలన్నీ ఒక్కదాని చుట్టే తిరుగుతున్నాయి: గదికి ఎన్ని చదరపు అడుగులిస్తారు? అడగాల్సిందే. కానీ అక్కడి పాత కట్టడాలు కూలిస్తే లేచే దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది? ఆ గల్లీల్లోనే మన పిల్లల బడులు, బాల్వాడీలు, ట్యూషన్ గదులు ఉన్నాయి.

"మేమూ చాల్‌లోనే పుట్టి పెరిగాం, మాకేమైంది?" అని పెద్దలు కొందరంటారు. ఏమైందో మన ఇళ్లలోనే చూశాం. ఈ పేటకు పేరు తెచ్చిన కామాటీలు నైజాం ఇలాకా నుంచి వచ్చి రాళ్లు మోసి, గోడలు కట్టినవాళ్లు. వర్లీ, లోయర్ పరేల్ చాల్‌ల పద్మశాలీలు మిల్లుల్లో పత్తి దుమ్ము పీల్చారు. వాళ్ల దగ్గును బీడీల మీదికో, వయసు మీదికో నెట్టేశాం. పత్తి దుమ్ముతో వచ్చే ఆ జబ్బుకు బిస్సినోసిస్ అని డాక్టర్లు ఎప్పుడో పేరు పెట్టారు. దుమ్ము చేసే చెరుపు అదే రోజు కనబడదు.

సిమెంటు రేకుల సంగతీ అంతే. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. రేకు బాగున్నంతవరకు ప్రమాదం తక్కువే. పగలగొట్టినా, రంధ్రం వేసినా కంటికి కనబడని పోగులు గాలిలో కలుస్తాయి. అవి తెచ్చే క్యాన్సర్ బయటపడటానికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్లు పట్టొచ్చు. ఆస్‌బెస్టాస్‌లో ఏ రకమైనా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చాలా దేశాలు దాన్ని నిషేధించాయి. మన దేశంలో ఇంకా అమ్ముతూనే ఉన్నారు.

రెండోది రంగు. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎమ్ దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగుల్లో ఎంత ఉందో ఎవరికి తెలుసు? పెచ్చులూడే గోడను ఎండుగా గీకితే ఆ పొడి నేలమీద పడుతుంది, చిన్నపిల్లల చేతుల నుంచి నోట్లోకి పోతుంది. సీసం దెబ్బతీసేది మెదడును. చదువు రావడంలేదని మనం పిల్లాణ్ణి తిడుతుంటాం.

మూడోది చెమ్మ. వానాకాలం కురిసే కప్పుకింద గోడలకు బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆ గదిలో నాలుగు గంటలు కూర్చోవడమే పరీక్ష.

దీనికి కోట్లు అక్కర్లేదు. ఈ మూడు పనులు చేద్దాం.

ఒకటి, వేసవి సెలవుల్లో మన పిల్లలు చదివే ప్రతి బడినీ, ట్యూషన్ గదినీ అనుమతి తీసుకుని చూద్దాం. పగిలిన రేకులు, ఊడే రంగు, కారే కప్పు, తెరుచుకోని కిటికీలు రాసుకుని, బీఎంసీ బడులైతే విద్యాశాఖకు, ప్రైవేటు బడులైతే యాజమాన్యానికి సంఘం లెటర్‌హెడ్ మీద పంపుదాం.

రెండు, రిపేరు, రంగు పనులు మే నెల మొదట్లోనే ముగించమని అడుగుదాం. జూన్‌లో బడి తెరిచే ముందురోజు రంగు వేస్తే ఆ వాసన పీల్చేది పిల్లలే. పాత రంగు తడిపి గీకాలి. రేకులు తడిపి, పగలకుండా నిలువునా దించాలి.

మూడు, పునర్నిర్మాణ ఒప్పందంలో కూల్చివేత షరతులు రాయిద్దాం. ఎకరం దాటిన నిర్మాణ స్థలం చుట్టూ కనీసం 35 అడుగుల రేకు గోడ ఉండాలని, నీళ్లు చల్లుతూ పని చేయాలని బీఎంసీ 2023 అక్టోబరులోనే మార్గదర్శకాలిచ్చింది. బడి పక్కనున్న కట్టడాలను సెలవుల్లోనే కూల్చాలని మనం అదనంగా అడగాలి. సంతకాలు కాకముందు అడిగితేనే వింటారు.

ప్రతి ఏడూ నోటుపుస్తకాలు పంచుతున్నాం, ర్యాంకు వచ్చినవాళ్లకు శాలువా కప్పుతున్నాం. మంచిదే. ఈసారి జనరల్ బాడీలో ఈ మూడూ తీర్మానంగా పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. బలపరిచేవాళ్లు కింద పేరు, గల్లీ నంబరు రాయండి.