ఫ్లెక్సీ మీద పళ్లు, రాగి రేకు మీద ముఖం

భిలాయ్‌లో మన తెలుగువాళ్ల ఉగాది దగ్గరపడిందని నాకు చెప్పేది కోయిల కాదు, ఫ్లెక్సీ. అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడి బావమరిది, ముప్పై రెండు పళ్లూ కనిపించేలా నవ్వుతుంటారు. మరి నాటకానికి తెర రాసినవాడో? అట్టడుగున చీమతలకాయంత పేరు. ముఖం కూడా కావాలా? అంత అత్యాశ దేనికండీ!

యాంట్‌వెర్ప్ చిత్రకారుడు వాన్ డైక్‌కి మనకు లేని సిగ్గొకటి ఉండేది. 1630లలో పేరున్నవాళ్ల ముఖాలతో ఒక అచ్చుబొమ్మల వరుస తలపెట్టాడు. దాన్ని ఇప్పుడు 'ఐకనోగ్రఫీ' అంటారు. మొదట వెలువడిన 80 బొమ్మల్లో రాజులూ సేనాపతులూ 16 మంది, కళాకారులూ కళాభిమానులూ 52 మంది. మీ ఫ్లెక్సీలో ఈ లెక్క ఒక్కసారైనా వచ్చిందా?

ఆ వరుసలో లూకాస్ వోర్‌స్టర్‌మాన్ ఉన్నాడు. మహారాజేం కాదు, ఇతరుల బొమ్మల్ని రాగి మీద చెక్కిపెట్టే పనివాడు. సాక్షాత్తు మహా చిత్రకారుడు రూబెన్స్‌తోనే తగవు పడ్డ మొండిఘటం. చాలా ముఖాల చెక్కుడుపని ఇతరులకు అప్పగించిన వాన్ డైక్, ఈ చెక్కేవాడి ముఖాన్ని మాత్రం తన చేత్తోనే గీశాడు. మైనం పూసిన రేకు మీద సూదితో గీసి, ఆ గీతల్ని ఆమ్లానికి తినిపించాడు. తోటివాడికి పెట్టిన దండం అది. శాలువా కాదు.

దొరల గోల మనకెందుకంటారా? మన గోలే చూద్దాం. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి, పారిస్ అచ్చుబొమ్మల పనిశాల 'అతెలియే 17'లో ఒకే రేకు మీద వేర్వేరు చిక్కదనాల రంగులు ఎక్కించి అచ్చుతీసే పద్ధతిని తీర్చిదిద్దాడు. 2018లో పోయాడు. మీలో ఎంతమంది ఆయన ముఖం గుర్తుపడతారు? చెయ్యెత్తండి. దించండి, నొప్పెడుతుంది.

కళాకారులారా, మీరూ తక్కువ తినలేదు. పక్కవాడు బతికుండగా వాడి గీతని మెచ్చుకోవడానికి నోరు పెగలదు. పోయాక మాత్రం సంతాపసభలో మైకు వదలరు.

1959 నుంచి ఇనుము కరిగిస్తున్న ఊరు మన భిలాయ్, రైలు పట్టాలు చేసే ఊరు. లోహం మీద గీత పడాలంటే ఎంత చేవ కావాలో ఇక్కడ కొత్తగా చెప్పాలా? షిఫ్టు దిగొచ్చి రాత్రంతా తెర రాసేవాడు మన క్వార్టర్లలోనే ఉన్నాడు. "ఒరే పెయింటరూ" అని పిలిచిందీ మనమే.

ఈసారి చందా పుస్తకం పట్టుకుని నా గుమ్మం తొక్కండి. ముందు ఫ్లెక్సీ విప్పి చూపించండి. తెర రాసినవాడి ముఖం ఉంటేనే నా జేబులోంచి చెయ్యి బయటికొస్తుంది.