అండమాన్‌లో అల్పపీడనం: మన చేను దగ్గర ఏ రోజు ఏం చేయాలి?



వరి కోతల కాలంలో ప్రతి ఏడాదీ ఒక వార్త మనల్ని కంగారు పెడుతుంది: "అండమాన్ సముద్రంలో అల్పపీడనం". టీవీలో ఆ మాట రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "సార్, కోసేయమంటారా, ఉంచమంటారా?" ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు ఉండదు. అల్పపీడనం ఏ దశలో ఉంది, మీ చేను ఏ దశలో ఉంది అనే రెండూ కలిపి చూసి నిర్ణయించుకోవాలి. అది ఎలాగో ఈ వ్యాసంలో చెబుతాను.

2025లో ఏం జరిగిందో గుర్తు చేసుకుందాం

అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మరునాడు తీరానికి ఎంతో దూరంలో ఉన్న వరంగల్, హనుమకొండ ప్రాంతాల్లో కుండపోత వాన కురిసింది. కోతకు వచ్చిన వరి పడిపోయింది, కల్లాల్లో ఆరబోసిన ధాన్యం, మొక్కజొన్న తడిశాయి, పత్తి నల్లబడింది. సముద్రం దూరంగా ఉంది కదా అని తెలంగాణ రైతు నిశ్చింతగా ఉండకూడదని అప్పుడు తెలిసింది.

నెల తిరగకుండానే నవంబరు నాలుగో వారంలో దక్షిణ అండమాన్ సముద్రం, మలక్కా జలసంధి ప్రాంతంలో ఇంకో అల్పపీడనం ఏర్పడింది. తుఫానైతే సెన్యార్ అని పేరు పెడతారని, అది మన తీరానికే వస్తుందని ముందుగానే ప్రచారం సాగింది. అది మన వైపు రాలేదు. మలక్కా జలసంధిలోనే తుఫానుగా మారి ఇండొనేషియాలోని సుమత్రా దీవిని ముంచింది. అదే వారంలో శ్రీలంక దగ్గర పుట్టిన దిత్వా తుఫాను ఆ దీవిని వరదల పాలు చేసి, తమిళనాడు తీరానికి దగ్గరగా వచ్చి సముద్రంలోనే బలహీనపడింది. రెండు దీవుల్లోనూ వందల మంది చనిపోయారు.

కాబట్టి అల్పపీడనం పుట్టిన మాట నిజమే అయినా, అది ఎటు వెళ్తుందో, ఎంత బలపడుతుందో తొలిరోజే తేలిపోదు.

అండమాన్ నుంచి మన తీరానికి ఎన్ని రోజులు?

అండమాన్ రాజధాని శ్రీ విజయపురం, అంటే పాత పోర్ట్ బ్లెయిర్, విశాఖపట్నానికి సుమారు 1200 కిలోమీటర్ల దూరంలో ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం గానీ తుఫాను గానీ మామూలుగా గంటకు 10 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. 12 కిలోమీటర్లు అనుకుంటే రోజుకు 288 కిలోమీటర్లు. అంటే అండమాన్ నుంచి మన తీరానికి నాలుగు రోజులు పడుతుంది.

ఈ లెక్క రెండు తుఫాన్లతో సరిపోల్చండి.

2014 అక్టోబరు 8న హుద్‌హుద్ అండమాన్ దీవులను దాటింది. దారిలో బలపడి 12న, నాలుగో రోజున, విశాఖపట్నం దగ్గర తీరం దాటి ఎంత నష్టం చేసిందో అందరికీ తెలుసు.

2013 నవంబరు 25న లెహర్ కూడా పోర్ట్ బ్లెయిర్ దగ్గర దీవులను దాటింది. ఆ తర్వాత అతి తీవ్ర తుఫానుగా మారింది. కానీ పొడిగాలి లోపలికి చొరబడటంతో, పైగాలుల వేగంలో తేడా రావడంతో సముద్రం మీదే నీరసించిపోయింది. 28న మచిలీపట్నం దగ్గర తీరం దాటేసరికి వాయుగుండంగా మిగిలింది.

లెహర్ నాకు బాగా గుర్తుండటానికి కారణం ఉంది. అప్పుడు నేను కృష్ణా డెల్టాలో ఒక మండలంలో పనిచేస్తున్నాను. వారం ముందే, నవంబరు 22న, హెలెన్ తుఫాను మచిలీపట్నం దగ్గరే తీరం దాటింది. రైతులు ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే లెహర్ వార్త వచ్చింది. భయపడి, గింజ గట్టిపడని చేలు కూడా కోసేయమని నేనే చెప్పాను. లెహర్ వచ్చింది, నాలుగు చినుకులు రాల్చి పోయింది. కోసిన పంటలో పచ్చి గింజ, తాలు ఎక్కువయ్యాయి. ఒక పెద్దాయన నన్ను తిట్టలేదు. "ఇంకో వారం ఆగి ఉంటే ఎకరానికి నాలుగైదు బస్తాలు ఎక్కువొచ్చేవి సార్" అని మాత్రం అన్నాడు. అప్పటి నుంచి అల్పపీడనం అనే మాట విని కోత సలహా ఇవ్వడం మానేశాను.

ఏ దశలో ఏం చేయాలి

మా సనత్‌నగర్‌కు పక్కనే ఉన్న బేగంపేట వాతావరణ కేంద్రం తెలంగాణకు, అమరావతి కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు రోజూ సూచనలు ఇస్తాయి. వాటిలోని మాటలను మన పనులతో ఇలా కలుపుకోండి.

1. అల్పపీడనం (గాలి వేగం గంటకు 31 కి.మీ. లోపు): కోతకు తొందరపడవద్దు. చేలో నీరు తీసేయండి, మురుగు బోదెలు బాగుచేసుకోండి. టార్పాలిన్ పట్టాలు, గోనె సంచులు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. కోత యంత్రం వాళ్లతో మాట్లాడి ఉంచండి.

2. వాయుగుండం (31 నుంచి 50 కి.మీ.), తీవ్ర వాయుగుండం (51 నుంచి 61 కి.మీ.): ఇప్పుడు దిశ చూడండి. మన తీరం వైపు అంటున్నారా, తమిళనాడు వైపా? మన వైపే అయితే, 80 నుంచి 85 శాతం గింజలు బంగారు రంగుకు వచ్చిన చేలను యంత్రంతో కోయించి ధాన్యం ఇంటికి చేర్చండి. చేతితో కోసి పనలు చేలో వదలవద్దు. యూరియా వేయడం, మందుల పిచికారీ ఆపేయండి.

3. తుఫాను (62 కి.మీ., ఆపైన): తీరం దాటడానికి 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక వస్తాయి. హెచ్చరిక వచ్చాక కొత్తగా కోత మొదలుపెట్టవద్దు. కోసి ఉన్న పనలను గట్టు మీద కుప్ప వేసి కప్పండి. కల్లాల్లోని ధాన్యాన్ని, మిరపను ఎత్తుగా ఉన్న చోటికి మార్చండి. అరటికి వెదుళ్లు పాతి కట్టండి. పశువులను చెట్ల కింద, రేకుల షెడ్లలో కట్టవద్దు.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. పంట నిలబడి తడిస్తే కొంతైనా దక్కుతుంది. కోసిన పన నీళ్లలో నానితే మొలకెత్తిపోతుంది. అందుకే సగం పని చేసి వదిలేయడం కన్నా అసలు కోయకపోవడమే మేలు.

వాన మాటలు, రంగులు

"భారీ వర్షం" అంటే 24 గంటల్లో 6.5 నుంచి 11.5 సెంటీమీటర్లు. "అతి భారీ" అంటే 20 సెంటీమీటర్ల వరకు. అంతకు మించితే "అత్యంత భారీ". "అక్కడక్కడా" అంటే జిల్లాలో పావువంతు చోట్లకు మించి పడదని అర్థం. పసుపు రంగు ఇస్తే గమనిస్తూ ఉండండి. నారింజ రంగు ఇస్తే సిద్ధం కండి. ఎరుపు వస్తే పనులు ఆపి మనుషులను, పశువులను కాపాడుకోండి.

ఐదు రోజుల ముందు చెప్పినదాని కన్నా ముందురోజు చెప్పినది ఎక్కువ నమ్మదగినది. అందుకే ఒకసారి విని వదిలేయకుండా రోజూ ఉదయం, సాయంత్రం చూడండి. మేఘదూత్ యాప్‌లో మీ జిల్లా పంటల సలహాలు మంగళవారం, శుక్రవారం తెలుగులో వస్తాయి. పిడుగుల కోసం దామిని యాప్ పెట్టుకోండి.

వాన వెలిశాక

- చేలో నీరు వెంటనే తీసేయండి. పడిపోయిన వరిని నాలుగైదు దుబ్బులు కలిపి నిలబెట్టి కట్టండి.
- కంకులు, తడిసిన పనలు మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల కళ్లుప్పు కలిపి పిచికారీ చేయండి. ఎకరాకు 200 లీటర్ల ద్రావణానికి 10 కిలోల ఉప్పు కావాలి.
- పత్తిలో నీరు పోయాక లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ (13-0-45) పిచికారీ చేయండి. మొక్కలు వడలిపోతుంటే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ మొదళ్లలో పోయండి.
- తడిసిన ధాన్యాన్ని కుప్పగా ఉంచితే వేడెక్కి రంగు మారుతుంది. పలుచగా ఆరబోసి, 17 శాతం తేమకు తెచ్చి కొనుగోలు కేంద్రానికి తీసుకెళ్లండి.
- పంటకు బీమా ఉంటే నష్టం జరిగిన 72 గంటల్లోపు తెలియజేయాలి. ముందుగా ఫొటోలు తీసుకోండి. మీ వ్యవసాయ విస్తరణ అధికారికి గానీ, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలో గానీ చెప్పి పేరు రాయించండి. కౌలు రైతులు పంట నమోదులో తమ పేరు ఉందో లేదో వానకు ముందే చూసుకోవాలి.

ఈసారి అండమాన్ వార్త వచ్చినప్పుడు ఎక్కడ ఉంది, ఎటు వస్తోంది, ఎప్పటికి వస్తుంది అని చూసుకోండి. ఆ తర్వాత చేలోకి దిగి నాలుగు కంకులు నలిపి గింజ చూడండి. అప్పుడు కూడా అనుమానం ఉంటే మీ వ్యవసాయాధికారికి ఫోన్ చేయండి. చేతిలో మూడు నాలుగు రోజులు ఉంటాయి, వాటిని వృథా చేసుకోవద్దు.