గడప దాటని ఉద్యోగం, సంధ్య లేని దినం

ఇంటి నుండే ఉద్యోగం నిర్వర్తించే పద్ధతి 2020 మార్చి నాటి లాక్‌డౌన్‌తో అనేక తెలుగు గృహాలలో ప్రవేశించింది. మహమ్మారి శాంతించినా, కొందరికి అది నిత్యజీవన విధానమై నిలిచిపోయింది. ప్రయాణశ్రమ తప్పింది, వృద్ధులైన తల్లిదండ్రుల సన్నిధి లభించింది, వేళకు ఇంటి వంట సిద్ధంగా ఉన్నది. ఇవి అల్పమైన లాభాలు కావు. అయినప్పటికీ ఆలయానికి వచ్చే భక్తుల నోట తరచుగా వినవచ్చే మాట వేరు: "రోజంతా ఇంట్లోనే ఉంటున్నాం, కానీ సంధ్యావందనానికి తీరిక లేదు, నడుము నిలవడం లేదు, కంటికి నిద్ర రావడం లేదు."

ఈ దుఃస్థితికి పనిభారం ఒక్కటే కారణం కాదు. దినంలో సంధులు లోపించడమే అసలు కారణం.

రాత్రీ పగలూ కలిసే సంధిలో ఉపాసించేది సంధ్య. ఒక దశ ముగిసి మరొక దశ ఆరంభమయ్యే చోట మనుష్యుడు క్షణకాలం నిలిచి, ఆచమించి, సంకల్పం చెప్పుకొని ముందుకు సాగాలన్నది సంప్రదాయ హృదయం. కార్యాలయానికి వెళ్లే రోజులలో గడప దాటడం ఒక సంధి. తిరిగి వచ్చి కాళ్లు కడుక్కోవడం మరొక సంధి. ఆ పాదప్రక్షాళనతో వీధి ధూళితోపాటు వ్యవహారచింత కూడా కొంత తొలగిపోయేది. నేడు వెళ్లడమే లేదు గనుక తిరిగి రావడమూ లేదు. పడకపైనా ల్యాప్‌టాప్, కంచం పక్కనా ల్యాప్‌టాప్, దీపం వెలిగిస్తున్న చేతిలో ఫోన్. ఇల్లే కార్యాలయమైనప్పుడు, కార్యాలయం ఎన్నడూ మూతపడదు.

దేహాన్ని గురించి ఇంత చింత సాధకునికి తగునా అని కొందరు శంకిస్తారు. కుమారసంభవం పంచమ సర్గలో ఘోరతపస్సు చేస్తున్న పార్వతిని బ్రహ్మచారి వేషంలో వచ్చిన శివుడు ముందుగా అడిగిన కుశలప్రశ్నలలో ఒకటి, ఆ తపస్సు ఆమె శరీరశక్తికి లోబడి ఉన్నదా అన్నది. ధర్మసాధనకు దేహమే మొదటి ఉపకరణమని కాళిదాసు అక్కడ ఆయన చేతనే పలికించాడు. కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, ఇంద్రియాలను అశ్వాలుగా, బుద్ధిని సారథిగా నిరూపించింది. రథి రథం కాదన్నది సత్యం. అంతమాత్రాన ఇరుసు విరిగిన రథంపై గమ్యం చేరినవాడు లేడు.

మరికొందరు విరామం లేని శ్రమనే కర్మయోగమని భావిస్తారు. ఇది మరింత ప్రమాదకరమైన భ్రాంతి. గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో ఆహారం, విహారం, కర్మ, నిద్ర, జాగరణ అన్నింటికీ మితాన్నే విధించాడు. ఇంటి నుండి పనిచేసే వారిలో పలువురు అర్ధరాత్రి వరకూ కూర్చోవడానికి నిష్కామబుద్ధి కారణం కాదు. కంటికి కనిపించడం లేదు గనుక పనిచేయడం లేదని పైవారు తలుస్తారేమోనన్న భయం కారణం. భయప్రేరితమైన కర్మ బంధమే అవుతుంది గాని యోగం కానేరదు.

ఈ విషయంలో ఆలయమే ఉత్తమ గురువు. తిరుమలలో స్వామి దినచర్య సుప్రభాతంతో ఆరంభమై ఏకాంతసేవతో పరిసమాప్తమవుతుంది. నిద్రాహారాలతో నిమిత్తం లేని పరమాత్మకు సైతం లాలి పాడి, శయనోపచారం జరిపి, ద్వారాలు బంధిస్తారు. నైవేద్య సమయంలో తెర వేస్తారు. ఎంతటి ప్రముఖుడు వచ్చినా ఆ తెర తొలగదు. దేవునికే వేళలు నియమించిన సంప్రదాయంలో పుట్టినవాడు, తన దేహానికి మాత్రం వేళలు అక్కరలేదనడం వినయం కాదు, అవివేకం.

కనుక గృహంలో ఉద్యోగం చేసేవారు ముందుగా సంధులను పునఃప్రతిష్ఠించుకోవాలి. స్నానం చేసి, ఉతికిన వస్త్రం ధరించి, దైవాన్ని స్మరించిన తరువాతే పని తెరవాలి. పనికి ఒక మూల, ఒక ఆసనం నియతంగా ఉండాలి. పడక పనిస్థలం కారాదు. ముహూర్తమంటే 48 నిమిషాలు. ఒక ముహూర్తం కూర్చున్నవారు లేచి, నాలుగు అడుగులు వేసి, నీరు త్రాగి, దూరాన ఉన్న చెట్టునో ఆకాశాన్నో చూసి మరల కూర్చోవడం సులభమైన నియమం. మీటింగు ముగియలేదని దాహాన్నీ ఆకలినీ మూత్రవేగాన్నీ అణచుకొనేవారు, అణచరాని వేగాలు పదమూడని అష్టాంగహృదయం చెప్పిన మాటను గుర్తుంచుకోవాలి. భోజనవేళ ల్యాప్‌టాప్ మూయడమే తెర వేయడం. పరిషేచన చేసి పంచప్రాణాహుతులు తీసుకొనేవాడు ఒక చేత్తో సందేశాలు పంపలేడు. సాయంకాలం పని ముగిసిన వెంటనే, ఎక్కడికీ వెళ్లకపోయినా సరే, కాళ్లు కడుక్కొని దీపం వెలిగించాలి. పడుకొనే ముందు అరికాళ్లకు కొద్దిగా నువ్వులనూనె మర్దించుకొంటే దేహానికి అదే ఏకాంతసేవ.

అమెరికా వేళలలో పనిచేసేవారి కష్టం వేరు. న్యూయార్కులో ఉదయం 9 గంటలంటే ఇక్కడ వేసవిలో సాయంత్రం 6:30, శీతాకాలంలో 7:30. సరిగా దీపం వెలిగించే వేళకే వారి కార్యాలయం తెరుచుకుంటుంది. వీరు పనికి అరగంట ముందే సంధ్యాదీపం ముగించుకోవడం మేలు. అర్ధరాత్రి దాటి నిద్రించి, అపరాధభావంతో తెల్లవారుజామునే లేవడం తపస్సు కాదు. బ్రాహ్మీముహూర్తంలో లేవమన్న వాగ్భటుడు ఆ విధిని స్వస్థునికి, ఆయుష్షును రక్షించుకోవడం కొరకు చెప్పాడు. నిద్ర పూర్తిగా పోయి, లేచి స్నానం చేసి, సంధ్య ఆలస్యమైతే ప్రాయశ్చిత్తార్ఘ్యం విడవాలి. కాలాతిక్రమణ మానవులకు సంభవమని ఎరిగే పూర్వులు ఆ అర్ఘ్యాన్ని విధించారు.

ఈ విషయంలో కుటుంబధర్మం కూడా ఉన్నది. "ఇంట్లోనే ఉన్నావు కదా" అన్న ఒక్క మాట ఎందరో కోడళ్ల, కూతుళ్ల విశ్రాంతిని హరిస్తున్నది. ఒక చెవిలో కార్యాలయం, మరొక చెవిలో కుక్కర్ ఈల. ఆమెకు మాత్రం రెండు ఉద్యోగాలలో దేనికీ సెలవు లేదు. అట్టి గృహంలో ఆమెకు ఆరోగ్యసూత్రాలు బోధించడం పరిహాసమే అవుతుంది. భర్త వంటపనిలో భాగం పంచుకోవాలి. అత్తమామలు ఆమె పనిగది తలుపును పూజగది తలుపులా గౌరవించాలి. ఆమె విశ్రమించిన అరగంటను ఎవరూ లెక్క అడగరాదు. గృహలక్ష్మి అని స్తుతించి నిద్రకు దూరం చేసే ఇంట లక్ష్మీపూజకు అర్థమేమున్నది?

చివరగా ఒక హెచ్చరిక. మానని నడుమునొప్పి, వారాల తరబడి నిద్రలేమి, ఏ పనిమీదా మనసు నిలవని దైన్యం పీడిస్తుంటే ప్రారబ్ధమని సహించక వైద్యుని ఆశ్రయించాలి. జపం వైద్యానికి తోడు, ప్రత్యామ్నాయం కాదు.

పని ఎన్నటికీ ముగియదు. ముగించవలసినది దినాన్ని. ల్యాప్‌టాప్ మూత వేసి, కాళ్లు కడుక్కొని, దీపం ముందు కూర్చునే ఆ కొద్ది నిమిషాలే గృహాన్ని మరల గృహంగా చేస్తాయి.

స్వస్తి.